తొంభయ్యో రోజు లెక్క తప్పింది

అమ్మాయీ,

దేశభద్రత కేసు విచారించే జడ్జి మీద నువ్వు రాసిన కథ చదివాను. నాలుగో పేజీలో జడ్జిగారు సుత్తితో బల్ల మీద కొట్టి "ఆర్డర్, ఆర్డర్" అన్నచోట కాగితాలు పక్కన పడేశాను. మన కోర్టుల్లో సుత్తి ఉండదు, అది సినిమాల సరుకు. నాంపల్లి కోర్టులో ఓ పూట వెనక బెంచీలో కూర్చో. ముద్దాయి పేరు మూడుసార్లు పిలిచే అటెండరు గొంతు వినబడుతుంది, అది రాయి.

వరండాలో టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముద్దాయి తల్లి బాగుంది. ఇక అసలు సంగతి.

ఆగస్టు 2న రిమాండ్ అన్నావు. నవంబర్ 5 దాకా ఛార్జిషీటు లేదు. ముద్దాయి బెయిలు అడిగితే "ఇది దేశభద్రత కేసు" అని జడ్జి కొట్టేశాడు. ఈ ఒక్క వాక్యంతో కథ కూలిపోయింది. లెక్క వేసుకో. ఛార్జిషీటుకు గడువు తొంభై రోజులు. రిమాండ్ చేసిన రోజునూ కలుపుకోవాలని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. ఆగస్టులో 30, సెప్టెంబర్‌లో 30, అక్టోబర్ 30కి తొంభై నిండాయి. ఛార్జిషీటూ రాక, గడువూ పెరగకపోతే మర్నాటి నుంచి బెయిలు అతని హక్కు. నేరం ఎంత పెద్దదన్న ప్రశ్నే అక్కడ రాదు.

ఉపా, అంటే చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం, 43డి(2) సెక్షన్ కింద గడువును 180 రోజులకు పెంచవచ్చు. దానికి పబ్లిక్ ప్రాసిక్యూటర్ నివేదిక కావాలి. దర్యాప్తు ఎందాకా వచ్చింది, ఈ మనిషిని ఇంకా జైల్లో ఎందుకుంచాలి అన్న రెండూ అందులో ఉండాలి. దర్యాప్తు అధికారి ఉత్తరం కింద పీపీ సంతకం గీకి పంపితే చాలదు. ముద్దాయిని హాజరుపరిచి, గడువు పెంచమంటున్నారని అతనికి చెప్పాలి. ప్రత్యేక కోర్టు ఉన్నచోట మెజిస్ట్రేటు పెంచితే చెల్లదని 2020లో బిక్రంజీత్ సింగ్ కేసులో తేలింది. ఇటు ముద్దాయీ నోరు తెరిచి అడగాలి. అడగకముందే ఛార్జిషీటు పడితే హక్కు పోయినట్టే. అందుకే 91వ రోజు పొద్దున్నే లాయరు పిటిషన్ పట్టుకుని ఫైలింగ్ కౌంటర్ దగ్గర నిలబడతాడు. అవతల ఛార్జిషీటు కట్టలతో జీపు బయల్దేరి ఉంటుంది. ఇంత ఉత్కంఠ చేతిలో ఉండగా బెదిరింపు ఫోన్లెందుకు నీకు?

ఇలాంటి తేదీలు రాస్తే "పాఠకుడికి విసుగు" అని ఎర్రసిరాతో కొట్టేసే సంపాదకులున్నారు. వాళ్లకి కొసమెరుపు కావాలి. ఆ పుణ్యమా అని వారపత్రికల కథల్లో జడ్జి ఆఖరి పేజీలో కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఛార్జిషీటు వచ్చాక జడ్జిని ఇరుకున పెట్టేది అదే ఉపా చట్టంలోని 43డి(5). కేసు డైరీ, ఛార్జిషీటు చూసి ఆరోపణ పైకి నిజమనిపిస్తే బెయిలివ్వడానికి వీల్లేదు. సాక్ష్యాన్ని అప్పుడే తూచకూడదని 2019లో వతాలి కేసులో సుప్రీంకోర్టు తీర్పు. హార్డ్‌డిస్క్ స్వాధీనం చేసుకున్న పంచనామాలో హ్యాష్ విలువ, అంటే అందులోని డేటా తర్వాత మారలేదని తేల్చే అంకె, రాయలేదని నీ జడ్జి కనిపెట్టాడు, భేష్. కానీ ఫోరెన్సిక్ సాక్షి బోనెక్కి క్రాస్ ఎగ్జామినేషన్ అయ్యేదాకా ఆ అనుమానాన్ని లోపలే మోయాలి. ఈలోగా ఏళ్లు గడుస్తాయి. ఆలస్యం చూసి బెయిలివ్వొచ్చన్న 2021 నాటి సుప్రీంకోర్టు నజీబ్ తీర్పు మాట్లాడింది రాజ్యాంగ న్యాయస్థానాల, అంటే హైకోర్టు, సుప్రీంకోర్టుల అధికారం గురించి. సెషన్స్ జడ్జి రోజూ అదే ముద్దాయి మొహం చూస్తూ వాయిదా వేయాలి. నువ్వు దీన్ని రెండు లైన్లలో దాటేశావు. రెండు పేజీలు కావాలి.

మిగతావి త్వరగా చెప్తాను. హోంమంత్రి ఫోన్ చేసి జడ్జిని ఎంచుకోడు. ఎన్ఐఏ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి కేంద్రం ఒక సెషన్స్ కోర్టును ప్రత్యేక కోర్టుగా ప్రకటిస్తుంది. రక్షణ కల్పించిన సాక్షి పేరును తీర్పులో రాయించావు. అలా బయటపడకుండా చూసేందుకే ఎన్ఐఏ (జాతీయ దర్యాప్తు సంస్థ) చట్టంలో 17వ సెక్షన్ ఉంది. ఉరిశిక్ష విధించాక "వచ్చే నెల అమలు" అన్నావు. హైకోర్టు ధ్రువీకరించందే అమలు లేదు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు 2013 ఫిబ్రవరిలో, ప్రత్యేక కోర్టు శిక్ష 2016 డిసెంబర్‌లో, హైకోర్టు ధ్రువీకరణ 2025 ఏప్రిల్‌లో. తీర్పు చెప్పిన రోజే జడ్జి రాజీనామా కూడా మార్చెయ్. 2018 ఏప్రిల్‌లో మక్కా మసీదు కేసు తీర్పునాడు అదే జరిగింది. చదివినవాడు ఆ మనిషినే అనుకుంటాడు.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత. ముందు అక్టోబర్ 31 ఉదయం రాయి. డాకెట్ షీటు, అంటే కోర్టు ఆ రోజు ఉత్తర్వు రాసే కాగితం మీద జడ్జి రాసిన నాలుగు లైన్లూ కథలో కనబడాలి. తల్లిని వరండాలోంచి కదపకు. బెయిలు వచ్చినా ష్యూరిటీల కాగితాలు సరిచూసి, రిలీజ్ ఆర్డరు జైలుకు చేరేదాకా ఆమెకు అక్కడ పనుంది.

ఉంటాను.