స్టోక్ పోజెస్‌లో కవి గ్రే సమాధి మీద ఆయన పేరు ఎందుకు కనిపించదు?

మీ నాన్నగారు బీఏలో ఇంగ్లీషు కవి థామస్ గ్రే ‘ఎలిజీ’ కవిత చదువుకున్నారని, ఇంగ్లండ్‌లోని స్టోక్ పోజెస్ ఊరి చర్చి దగ్గర ఆయన సమాధి కోసం అంతా వెతికినా ఆ పేరున్న రాయి దొరకలేదని రాశారు. దొరకదండీ. ఆయన్ని పెట్టింది వాళ్లమ్మ డొరతీ కట్టించిన కుటుంబ సమాధిలో. దాని మీద గ్రే పేరు లేదు.

నేనుండేది ఆ ఊరి పక్కనే, లండన్ దగ్గరి స్లౌ పట్నంలో. మొదటిసారి వెళ్లినప్పుడు చర్చి పక్క పొలంలోని ఎత్తైన రాతి కట్టడమే సమాధి అనుకుని దణ్ణం పెట్టుకుని వచ్చేశాను. అది 1799లో అక్కడి ఎస్టేటు యజమాని జాన్ పెన్ కట్టించిన స్మారకం, అంతే. అసలు సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. తూర్పు వైపు గోడకి కిటికీ కింద చిన్న ఫలకం కనిపిస్తుంది. ఎదురుగా ఉన్న సమాధిలోనే గ్రే ఉన్నాడని దాని మీద రాసుంటుంది. అక్కడ వెనక్కి తిరిగితే, ఇటుకలతో అరుగులా కట్టి పైన బండ పరిచినది కనిపిస్తుంది. అదే.

ఆ బండ మీద ఇద్దరి పేర్లున్నాయి: 1749లో పోయిన, అమ్మ తోడబుట్టిన మేరీ, 1753లో పోయిన అమ్మ డొరతీ. అమ్మ గురించిన మాటలు గ్రేనే రాశాడు. ఎందరో బిడ్డల్ని కన్న తల్లి, వాళ్లలో ఒక్కడికే ఆమె పోయాక కూడా బతికుండే దురదృష్టం పట్టింది అని వాటి భావం. పన్నెండు మంది పుడితే మిగిలింది గ్రే ఒక్కడే. తండ్రి క్రూరుడు. లండన్‌లో అక్కచెల్లెళ్లిద్దరూ దుకాణం నడిపారు, ఆ డబ్బుతోనే తల్లి కొడుకుని ఈటన్ అనే పేరున్న బడిలో చదివించింది. మా అమ్మ కుట్టుమిషను మీద సంపాదించి నన్ను చదివించింది కాబట్టేమో, నేను ఆ కవిత కన్నా ఈ బండ దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను.

1771 జులై 30న గ్రే కేంబ్రిడ్జిలో చనిపోయాడు. అమ్మ సమాధిలోనే తననీ పెట్టమని విల్లులో రాసుకున్నాడు, అలాగే చేశారు.

లండన్ ప్యాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కి స్లౌలో దిగండి, అక్కణ్ణుంచి టాక్సీలో దగ్గరే. ఆదివారం పొద్దున ప్రార్థన ఉంటుంది, వేరే రోజు చూసుకోండి. ఈసారి నాన్నగారిని ముందు ఆ ఫలకం దగ్గరికే తీసుకెళ్లండి. బండ మీది మాటలు మాత్రం ఆయన్నే చదువుకోనివ్వండి.