షుగర్ అలర్ట్ ఎవరి కంప్యూటర్‌లో రావాలి?

కనిగిరిలో చిన్న క్లినిక్ ఉందని, ముప్పై దాటినవాళ్లకి షుగర్ టెస్ట్ గుర్తుచేసే అలర్ట్‌ని రికార్డుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టిస్తే ఉపయోగమా అని అడిగారు. ఉపయోగమే. డాక్టర్ కంప్యూటర్‌లో మాత్రం వద్దు.

నేను కావలి వైపు ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. మొదట్లో అలర్ట్ డాక్టర్ గారికే వచ్చేది. వరండా నిండా జనం, ఎదురుగా జ్వరంతో మూలిగే మనిషి. ఎవరైనా దాన్ని మూసేసి మందులు రాస్తారు. తర్వాత బీపీ, బరువు చూసే మా బల్ల దగ్గరికి మార్చారు. ఇప్పుడు అలర్ట్ రాగానే అడిగి, సరేనంటే వేలు గుచ్చి గ్లూకోమీటర్‌తో చూసేస్తాం. అంకె ఓపీ చీటీ మీద ఉంటుంది కాబట్టి డాక్టర్ గారు దాని గురించి మాట్లాడక తప్పదు. "జలుబుకొస్తే షుగరేందమ్మా?" అంటారు కొందరు. టెస్ట్‌కి డబ్బులు కట్టక్కర్లేదని చెబితే వేలు చూపిస్తారు. గ్లూకోమీటర్ స్ట్రిప్పుల ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

గ్లూకోమీటర్‌లో 140 దాటితే పరగడుపు టెస్ట్‌కి రమ్మంటాం. అందులో 126, అంతకుమించి వస్తే షుగర్ కిందే లెక్క, లక్షణాలేమీ లేకపోతే ఇంకోసారి చూసి ఖాయం చేస్తారు. రక్తం తక్కువున్న ఆడవాళ్లలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్త పరీక్ష) ఒక్కదాన్నే నమ్మకండి, తప్పు చూపించవచ్చు.

అసలు తలనొప్పి అనవసరపు అలర్ట్‌లతో. ఏళ్లుగా షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మింగుతున్న పెద్దాయనకి కూడా "షుగర్ చూడలేదు" అని వస్తుంది, ఎందుకంటే జబ్బు పేరు ఎవరో వివరాల్లో తమకు తోచినట్టు టైపు చేసి ఉంటారు, సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టదు. మందుల జాబితా చూసి అలర్ట్ ఆగేలా చేయించండి. బయట ల్యాబ్ రిపోర్టులు ప్లాస్టిక్ కవర్లో తెస్తారు కదా, ఆ తేదీ, అంకె ఎక్కించడానికి ఒక గడి అడగండి. ఏడాది లోపు టెస్ట్ ఉంటే అలర్ట్ రాకూడదు.

ఇంకొకటి, ఇది నాకు ముఖ్యం. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిన తల్లికి కాన్పయ్యాక ఆరు వారాలకి గ్లూకోజ్ తాగించి మళ్లీ చూడాలి. పురుడు పుట్టింట్లో, తర్వాత కాపురం ఇంకో ఊళ్లో, ఆమె తన కోసం రాదు. కానీ బిడ్డకి ఆరు వారాల టీకా ఎవరూ మానరు. తల్లి టెస్ట్ గుర్తుచేసే అలర్ట్‌ని బిడ్డ రికార్డుకి తగిలించి, టీకా రోజు తల్లిని పరగడుపున రమ్మని ముందురోజే ఫోన్ చేయించండి.