రివైండింగ్ పట్టికల్లో వెతకడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారు ముప్పై ఏళ్లు మోటార్ రివైండింగ్ షాపు నడిపారు. ఆయన దాచిన పంపుసెట్ మాన్యువళ్లు, వైండింగ్ పట్టికలు స్కాన్ చేయించి పీడీఎఫ్‌లుగా పెట్టుకున్నాను. కొన్ని ఇంగ్లీషు, కొన్ని తెలుగు. 'బేరింగ్' అని వెతికితే ఒక్క పేజీ రావడం లేదు. అంతా మళ్లీ టైపు చేయించాలా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: అక్కర్లేదండి. మీ ఫైళ్లలో ఉన్నవి అక్షరాలు కావు, అక్షరాల ఫొటోలు. అందుకే వెతికితే దొరకడం లేదు. వాటిని చదివి అక్షరాలుగా మార్చే పద్ధతినే ఓసీఆర్ అంటారు.

ఇందుకు టెసరాక్ట్ అనే ప్రోగ్రామ్ ఉంది. 1985లో హెచ్‌పీ కంపెనీలో మొదలైంది, 2005 నుంచి అందరికీ ఉచితం. తెలుగు కూడా చదువుతుంది, కాకపోతే తెలుగు డేటా ఫైలు విడిగా వేసుకోవాలి. దాంతో పనిచేసే ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఇంకో ప్రోగ్రామ్ మీకు బాగా సరిపోతుంది. పేజీ బొమ్మ కనిపించేది కనిపించినట్టే ఉంటుంది, దానికి కనపడని అక్షరాల పొర ఒకటి చేరుతుంది. భాషల దగ్గర తెలుగు, ఇంగ్లీషు రెండూ ఇవ్వండి. పేజీలు వంకరగా ఉంటే సరిచేయమని కూడా చెప్పవచ్చు. స్కాన్ 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) తక్కువైతే ఒత్తులు ముద్దగా పడతాయి. అలాంటి పేజీలు మాత్రం మళ్లీ స్కాన్ చేయించండి.

అంకెల దగ్గర చాలా జాగ్రత్త. మా మేనమామగారి షాపు పట్టికలు ఇలాగే మార్చినప్పుడు, 56 టర్న్స్ (తీగ చుట్లు) ఉన్నచోట 58 వచ్చింది. మాటలో తప్పొస్తే చదవగానే తెలుస్తుంది. 58 చూసి తప్పని ఎవరు పట్టుకుంటారు? ఆయన పాత కాగితం పక్కన పెట్టుకుని చూశారు కాబట్టి బయటపడింది. దశాంశ బిందువులూ ఇలాగే ఎగిరిపోతుంటాయి. అందుకే పేజీని వెతుక్కోవడానికే ఆ పొర వాడండి. తీగ గేజి (మందం), టర్న్స్ మాత్రం బొమ్మలోంచే చదవండి.

తెలుగులో వెతికేటప్పుడు 'బేరిం' వరకే కొట్టండి. బేరింగ్, బేరింగు రెండూ దొరుకుతాయి.

నాన్నగారు అంచుల్లో పెన్నుతో రాసుకున్న లెక్కలు ఉంటే టెసరాక్ట్ వాటిని సరిగా చదవలేదు, అది అచ్చు అక్షరాల కోసం చేసింది. వాటిని మీరే టైపు చేసి, ఏ పేజీలోవో నంబరు వేసుకోండి. ఎక్కడైనా ఆయన రాత అర్థం కాకపోతే, ఆ షాపులో పనిచేసిన వాళ్లను ఇప్పుడే అడిగి రాసుకోండి.