స్విచ్ దగ్గర కథ ఆపకు

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. మధ్యలో నాకు కంటి ఆపరేషన్ అయింది.

తండ్రికి పార్కిన్సన్స్. టీ ఒలుకుతుంది, కోడలు విసుక్కుంటుంది. మెదడులో తీగ పెడతారు, డాక్టర్ స్విచ్ నొక్కుతాడు, వణుకు ఠక్కున ఆగుతుంది, ఆయన కూతురి పేరు రాస్తాడు. ఆపకుండా చదివించావు, ఒప్పుకుంటాను. కానీ నేను నమ్మలేదు.

ముందు ఆ టీ సంగతి. పార్కిన్సన్స్ వణుకు ఎక్కువగా చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు కనిపిస్తుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి మాత్ర చుడుతున్నట్టు, సెకనుకు నాలుగైదు సార్లు. గ్లాసు అందుకోబోతే చాలామందిలో కాసేపు తగ్గుతుంది కూడా. గ్లాసు పెదాల దగ్గరికి వచ్చేకొద్దీ పెరిగే వణుకు సాధారణంగా వేరే జబ్బుది. దాన్ని ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు, తరచుగా కుటుంబాల్లో వస్తుంది. రెంటికీ డీబీఎస్, అంటే నువ్వు రాసిన ఈ మెదడులో తీగ పెట్టి కరెంటు పంపే చికిత్స, చేస్తారు కానీ తీగ కొస చేరే చోటు వేరు. ఎసెన్షియల్ ట్రెమర్‌కు మెదడు లోతుల్లో ఉండే థాలమస్ అనే భాగం, పార్కిన్సన్స్‌కు ఎక్కువగా దాని కిందుండే చిన్న సబ్‌థాలమిక్ కేంద్రం. నీ కథలో ఆయనకు ఏ జబ్బో ముందు తేల్చుకో.

మా అన్నయ్య జబ్బు సంగతి నాకు వణుకు చెప్పలేదు, ఆయన ఉత్తరాలు చెప్పాయి. ఆయన తెలుగు మాస్టారు. వాక్యం మొదట్లో శనగగింజంత ఉన్న అక్షరం చివరికొచ్చేసరికి ఆవగింజంత అయ్యేది. కాగితం పొదుపు చేస్తున్నాడనుకుని నవ్వుకున్నాను. వేలు కదలడం మొదలైంది ఆ తర్వాతే.

మాత్రలతో చాలా ఏళ్లు బాగానే గడిచింది. తర్వాత మాత్ర పనిచేసే సమయం కుంచించుకుపోయింది. ఆ ఇళ్లలో మాటలు ఎలా ఉంటాయో నీకు తెలియాలి. "ఇప్పుడే మందు ఎక్కింది, స్నానానికి లేపండి", "మందు దిగిపోయింది, ఇప్పుడు బంధువుల్ని రానివ్వకండి". నీ పాత్రలు మాత్రం మెడికల్ పుస్తకంలా మాట్లాడుతున్నాయి. హైదరాబాద్‌లో నిమ్స్ న్యూరాలజీ ఓపీ బయట ఒక పూట కూర్చో. నోట్‌బుక్ తీయకు, వింటే చాలు.

ఇప్పుడు నువ్వు వదిలేసిన రాత్రి. ఆపరేషన్ ముందురోజు నుంచే మాత్రలు ఆపేస్తారు. జబ్బు పూర్తిగా బయటపడితేనే తీగ సరైన చోటికి చేరిందో లేదో అక్కడ తెలుస్తుంది. అన్నయ్య ఆ రాత్రి ఒత్తిగిలాలన్నా వదిన లేచి తిప్పాల్సొచ్చింది. దుప్పటి బరువుగా ఉందన్నాడట, తీసేస్తే చలి అన్నాడట. తెల్లారేదాకా ఇదే. దీనికి నువ్విచ్చింది "మర్నాడు ఆపరేషన్" అనే రెండు మాటలు. నేనైతే అక్కడే నాలుగు పేజీలు కూర్చునేవాణ్ణి.

ఆపరేషన్ గది సరిగ్గానే రాశావు కానీ శబ్దం లేదు. తలకు చట్రం బిగిస్తారు, ఆ చోటుకు మాత్రమే మత్తు సూది ఇచ్చి పుర్రెకు చిన్న రంధ్రం చేస్తారు. చాలాచోట్ల మనిషి మెలకువగానే ఉంటాడు, మెదడుకు నొప్పి తెలియదు. సన్నటి ఎలక్ట్రోడ్ దిగుతుంటే కణాల చప్పుడు స్పీకర్లో వినిపిస్తుంది, స్టేషన్ దొరకని రేడియోలా. అనుకున్న చోటికి చేరేసరికి ఆ గోల చిక్కబడుతుంది. అన్నయ్యను పిడికిలి మూసి తెరవమన్నారు, నెలల పేర్లు చెప్పమన్నారు. చైత్రం, వైశాఖం అని మొదలుపెడితే లోపలున్నవాళ్లంతా నవ్వారట.

నీ కథానాయకుడు ఆపరేషన్ బల్ల మీద వీణ వాయించే సీను తీసెయ్. 2017లో బెంగళూరులో ఒకాయన గిటార్ వాయించిన వార్త చూసి రాశావని తెలిసిపోతోంది. అది డీబీఎస్ కాదు. వాయించేటప్పుడు వేళ్లు కొంకర్లుపోయే డిస్టోనియాకు మెదడులో చిన్న చోటుని కాల్చిన ఆపరేషన్. డీబీఎస్‌కు ముందు వణుకుకూ అలాగే కాల్చేవాళ్లు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో అలిమ్-లూయీ బెనాబిద్ అనే మెదడు సర్జన్ కాల్చే ముందు చోటు సరిచూసుకుంటూ కరెంటు తాకిళ్లను సెకనుకు వంద దాకా పెంచితే వణుకు ఆగింది, కరెంటు తీస్తే తిరిగొచ్చింది. కాల్చింది మళ్లీ రాదు, కరెంటునైతే ఆపొచ్చు, మార్చొచ్చు. డీబీఎస్ అక్కణ్ణుంచే పుట్టింది.

మార్చొచ్చు అన్నాను చూడు, నీ ముగింపు నిలబడనిది అక్కడే. ఛాతీ మీద కాలర్ ఎముక కింద బ్యాటరీ పెట్టినా చాలాచోట్ల కొన్ని వారాలు ఆగి గానీ ఆన్ చేయరు. ఈలోగా తీగ దిగిన తాకిడికే కొన్నాళ్లు వణుకు తగ్గుతుంది, తర్వాత మళ్లీ వస్తుంది. ఇంట్లోవాళ్లు అప్పుడు హడలిపోతారు. మా వదినకు రెండు రోజులు అన్నం దిగలేదు, లక్షలు పోశాం కదా అని. తర్వాత నెలల తరబడి సర్దుబాట్లు. సెకనుకు 130 సార్లు కరెంటు, ఒక్కో తాకిడి సెకనులో లక్ష వంతుల్లో ఆరు వంతులు, అక్కడ మొదలుపెట్టి కొంచెం పెంచుతారు, కొంచెం తగ్గిస్తారు. ఎక్కువైతే మాట ముద్దగా వస్తుంది, మూతి ఒక పక్కకు లాగుతుంది. డాక్టర్ తెర మీద వేలు కదిపినప్పుడల్లా అన్నయ్య ముఖం మారడం నేను చూశాను. ఆయన ముఖం ఇంకొకరి చేతిలో ఉండటం నాకు నచ్చలేదు. ఆయనకు మాత్రం అదేం పట్టలేదు, గుండీలు పెట్టుకోగలిగితే చాలన్నాడు.

పెట్టుకుంటున్నాడు. నడకలో తూలడం మాత్రం పోలేదు, జబ్బు ఆగలేదు, గొంతు సన్నబడింది. ఫోన్‌లో వినపడదు కాబట్టి మళ్లీ ఉత్తరాలు రాస్తున్నాడు.

సంక్రాంతికి ఇటు వస్తానన్నావుగా. ఆ ఉత్తరాలన్నీ తీసి పెడతాను, ఆపరేషన్ ముందువీ తర్వాతవీ. ముందువాటికి భూతద్దం కావాలి, నాది పగిలింది, ఒకటి తెచ్చుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు