సెలూన్లో మెడ విరిపించుకోకు అల్లుడూ

చిరంజీవి మేనల్లుడికి, బరంపురం నుంచి మీ మావయ్య ఆశీస్సులు.

ఫోన్లో చెబితే "ఊఁ, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. మెడ పట్టేసిందని పర్లాకిమిడిలో ఏదో సెలూన్లో రెండుసార్లు విరిపించుకున్నావట, మీ అమ్మ చెప్పింది. ముందు అది మానెయ్యి. టక్కుమన్నాక హాయిగా ఉంటుంది, నిజమే. కానీ మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు రెండు మెడ ఎముకల్లోని రంధ్రాల గుండానే పోతాయి. మెడను ఒక్కసారిగా తిప్పేస్తే అవి లోపల చిరిగి పక్షవాతం వచ్చినవాళ్ళున్నారు. అరుదే అనుకో. అయినా మంగలి చేతిలో ఆ పందెం మనకెందుకు?

షాపులో నువ్వు కూర్చునే తీరు చూశాను. రిపేరుకొచ్చిన ఫోను విప్పి, గడ్డం ఛాతీకి ఆనించి, గంటన్నర తల ఎత్తవు. తల బరువు నాలుగున్నర, అయిదు కిలోలుంటుంది. నిటారుగా ఉంటే వెన్ను మోస్తుంది. ముందుకు వాలిస్తే మెడ వెనక కండలు పట్టి లాగాలి. అయిదు కిలోల బియ్యం సంచీ పొట్టకు ఆనించి పట్టుకుని చూడు, తర్వాత చేతులు చాపి పట్టుకో. నీకే తెలుస్తుంది.

నాకు నడుం. ముప్పయ్యేళ్ళు గుంట మగ్గంలో కూర్చుని పట్టు నేశాను కదా, ఒకరోజు తెగిన పడుగు పోగు అతకడానికి వంగినవాణ్ణి మళ్ళీ లేవలేదు. మూడు వారాలు మంచం దిగలేదు. అదే నా పెద్ద తప్పు. ఒకటి రెండు రోజులు సరే, అంతకు మించి పడుకుంటే నడుం ఇంకా బిగుసుకుంటుంది. ఎమ్మారైలో డిస్క్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, ఉబ్బిందని రాగానే ఇంట్లో అందరికీ టెన్షన్. ఒక క్లినిక్‌లో పదిహేను రోజులు కరెంటు పెట్టి డబ్బు తీసుకున్నారు గానీ ఒక్క వ్యాయామం నేర్పలేదు.

తర్వాత దొరికిన ఫిజియో అమ్మాయి రిపోర్టు పక్కన పెట్టి, నన్ను వంగమంది, నడవమంది, మడమల మీద నిలబడమంది. "ఏ నొప్పీ లేనివాళ్ళకు తీసినా చాలామందికి ఇలాగే ఉంటుంది" అంది. కరెంటు, కాపడం నొప్పిని కాసేపు తగ్గిస్తాయి, ఆ కాసేపట్లో మనం కదలాలి, అంతే. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిరుదులు పైకెత్తి, అయిదు లెక్కపెట్టి దించడం, పదిసార్లు. నేను పౌరుషానికి పోతే "ధీరే ధీరే, మఉసా" అని, అంటే ఒడియాలో మెల్లగా బాబాయ్ అని, ఆపేది. మొదటివారం వీధి చివరిదాకా నడక. రెండు నెలలకు మళ్ళీ మగ్గం ఎక్కాను.

నీకు నేను చెప్పేది: తల వంచకుండా, ఎదురుగా చూస్తూ గడ్డాన్ని తిన్నగా వెనక్కి లాగు, కింద రెండో గడ్డం కనబడాలి. అయిదు లెక్కపెట్టి వదులు. పూటకు పదిసార్లు. అద్దంలో చూస్తే నవ్వొస్తుంది, పట్టించుకోకు. తర్వాత వీపు మీది రెక్క ఎముకలు రెండూ దగ్గరకు నొక్కు. అరగంటకోసారి లే, కస్టమరు ఉన్నా సరే. చేసేటప్పుడు కాస్త లాగినా మర్నాటికి సర్దుకుంటే భయం లేదు. నొప్పి చేతిలోకి దిగుతుంటే మాత్రం ఆపి ఫిజియోకు చూపించు.

చెయ్యో కాలో పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, జ్వరంతోనో పడిన దెబ్బతోనో నొప్పి వచ్చినా వ్యాయామాలు, కాపడాలు పెట్టుకోకు. అటు శ్రీకాకుళమో ఇటు బరంపురమో, ఆ రోజే పెద్దాసుపత్రికి పద.

మందుల గురించి నేనేం చెప్పను, డాక్టరునడుగు.

ఇంకొకటి. ఆ టేబులు నీ ఎత్తుకు చాలదు. పాత మగ్గం పలక ఒకటి అటక మీదుంది, దాంతో టేబులు మీద పెట్టుకోడానికి ఎత్తు పీట చేయిస్తాను. నేల నుంచి నీ మోచేతిదాకా ఎన్ని అంగుళాలో, స్టూలు మీద కూర్చుని కొలిపించి పంపు. వచ్చే ఆదివారం బస్సులో తెస్తాను.