షెఫీల్డ్ చూడటానికి అప్పు అక్కర్లేదు

ప్రశ్న: మా అమ్మాయి ఈ సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ యూనివర్సిటీలో ఏడాది ఎంఎస్సీలో చేరుతోంది. ఫీజుకు, ఉండటానికి, తిండికి సరిపడా విద్యారుణం మంజూరైంది. ఇంకో రూ.4 లక్షలకు అర్హత ఉంది, తీసుకోమని బ్యాంకువాళ్లు అంటున్నారు. అమ్మాయి అక్కడ నాలుగు చోట్లు చూడటానికి, వచ్చే వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్లి రావడానికి పనికొస్తుందని ఆలోచిస్తున్నాం. నాకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. ఎఫ్‌డీలో రూ.6 లక్షలు ఉన్నాయి. నాకు షుగర్, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దండి. ముందు ఆ నాలుగు లక్షల లెక్క చూడండి. వడ్డీ 10.5 శాతం అనుకుంటే నెలకు రూ.3,500. కోర్సు ఏడాది, ఆ తర్వాత ఆరు నెలల గడువు, మొత్తం 18 నెలలకు రూ.63,000 అవుతుంది. దాన్ని అసలుకు కలిపి పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ దాదాపు రూ.6,250. అంటే చివరికి కట్టేది ఏడున్నర లక్షలు. ఆ ఈఎంఐ మొదలయ్యేనాటికి మీ జీతం ఇంకా ఏడాదిన్నరే వస్తుంది. ఆ తర్వాత అది మీ పెన్షన్ మీదో, అమ్మాయి మొదటి జీతం మీదో పడుతుంది.

అసలు షెఫీల్డ్‌లో చూడదగ్గవాటిలో చాలావాటికి టికెట్టే లేదు. లండన్ ఖర్చులు విని మీరు భయపడి ఉంటారు. ఈ ఊరు వేరు. ఊరి నడిబొడ్డున వింటర్ గార్డెన్ అని పెద్ద అద్దాల తోట ఉంది. బయట చలి కొరికేస్తున్నా లోపల పచ్చటి చెట్ల మధ్య బెంచీ మీద కూర్చుని చదువుకోవచ్చు. దాన్ని ఆనుకునే మిలీనియం గ్యాలరీ. యూనివర్సిటీ పక్కనే వెస్టన్ పార్క్ మ్యూజియం. 1836లో తెరిచిన బొటానికల్ గార్డెన్స్ కూడా దూరమేమీ కాదు. వీటన్నిటికీ ప్రవేశం ఉచితం.

మిలీనియం గ్యాలరీకి మీ ఆవిడను తప్పకుండా తీసుకెళ్లండి. అక్కడ షెఫీల్డ్ లోహపు పనికి ఒక విభాగమే ఉంది. కత్తులు, చెంచాలు, గిన్నెలు అద్దాల వెనక మెరుస్తూ ఉంటాయి. తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఏం చేయాలా అని వెతుకుతూ, 1913లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కు తయారుచేసింది ఈ ఊళ్లోనే. పెళ్లికి పేరు కొట్టించి ఇచ్చే మన స్టీలు బిందె కథ అక్కడి నుంచే మొదలైంది. నాకు షెఫీల్డ్ అంటే ఇష్టం కలగడానికి అదే కారణం.

ఇక అమ్మాయి సంగతి. ఊళ్లో మూడో వంతు దాకా పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కు పరిధిలోనే ఉంది. బ్రిటన్‌లో మొదటి నేషనల్ పార్కు అదే, 1951లో ప్రకటించారు. హాదర్‌సేజ్, ఈడేల్ లాంటి కొండ పల్లెలకు షెఫీల్డ్ స్టేషన్ నుంచి నేరుగా రైలుంది. పొద్దున్న టిఫిన్ డబ్బా కట్టుకుని వెళ్లి, కొండలెక్కి, సాయంత్రానికి గదికి వచ్చేయొచ్చు. విద్యార్థులకు రైల్‌కార్డు ఉంటుంది, టికెట్‌లో మూడో వంతు తగ్గుతుంది. బస్సులో ఒకవైపు టికెట్ ఎంత దూరమైనా 3 పౌండ్లు దాటకుండా ప్రస్తుతం పరిమితి ఉంది. స్టూడెంట్స్ యూనియన్‌వాళ్లు 'గివ్ ఇట్ ఎ గో' పేరుతో తక్కువ ఖర్చులో ట్రిప్పులు వేస్తుంటారు. కొత్త ఊళ్లో స్నేహితులు దొరికేదీ అక్కడే. కాబట్టి నెలకు 60 పౌండ్లు ఈ సరదాలకని విడిగా పెట్టుకోమనండి. పౌండు రూ.120 చొప్పున రూ.7,200, ఏడాదికి రూ.86,400. దీన్ని నెలనెలా మీ జీతంలోంచి పంపండి. ఈ డబ్బులో కోత పెట్టకండి. అంత దూరం పంపి, గదికీ క్లాసుకీ మధ్యే తిరగమంటే పిల్ల దిగులు పడుతుంది. పార్ట్‌టైమ్ జీతం వస్తుందిలే అని మాత్రం దీనికి లెక్క కట్టొద్దు. కోర్సు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు, ఆ పని దొరకడానికీ టైమ్ పడుతుంది.

మీ ప్రయాణానికి ఇప్పుడే నెలకు రూ.20,000 చొప్పున ఏడాది ఆర్‌డీ మొదలుపెట్టండి. వడ్డీతో కలిపి రెండున్నర లక్షల దగ్గరకు వస్తుంది. ఏడాదిలో కావాల్సిన డబ్బును షేర్లలో, మ్యూచువల్ ఫండ్లలో పెట్టొద్దు. రెండు వారాల ప్రయాణానికి, పొదుపుగా ఉంటే, ఇది సరిపోవాలి. అమ్మాయి గదిలోనే సర్దుకుందాం అనుకోకండి, హాస్టళ్లలో అతిథులు ఎన్ని రాత్రులు ఉండొచ్చో పరిమితి ఉంటుంది. ముందే అడిగి, చిన్న అద్దె ఫ్లాట్ చూసుకోండి. వంట చేసుకుంటే తిండి ఖర్చు బాగా తగ్గుతుంది. ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం దాకా వద్దు. 1977 నుంచి ప్రపంచ స్నూకర్ పోటీలు అక్కడి క్రూసిబుల్ థియేటర్లోనే జరుగుతున్నాయి, ఆ రోజుల్లో గదుల రేట్లు పెరుగుతాయి. జూన్ మంచిది, రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది.

షెఫీల్డ్ కొండల మీద కట్టిన ఊరు. మ్యాప్‌లో అర కిలోమీటరే కదా అనిపించే దారి నిలువునా ఎక్కుతుంది. మీ ఆవిడ మోకాళ్లకు అది కష్టం. యూనివర్సిటీ ముందు నుంచి ట్రామ్ వెళ్తుంది, ఆ లైనుకు దగ్గర్లోనే ఇల్లు తీసుకోండి. అద్దె కాస్త ఎక్కువైనా టాక్సీల ఖర్చు మిగులుతుంది.

డబ్బు పంపడంలో రెండు మాటలు. విద్యారుణం నుంచి ఫీజు నేరుగా వెళ్తే టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) ఉండదు. మీ ప్రయాణాన్ని టూర్ ప్యాకేజీగా కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ పడుతుంది. రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు కానీ అన్నాళ్లూ డబ్బు ఇరుక్కుంటుంది. టికెట్లు, ఇల్లు విడివిడిగా చూసుకోండి. అక్కడ కార్డు గీసినప్పుడు మెషిన్ రూపాయల్లోనా, పౌండ్లలోనా అని అడిగితే పౌండ్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లకు తోచిన రేటు వేస్తారు.

ఎఫ్‌డీలోని ఆరు లక్షలు కదపకండి. కోర్సు అయ్యాక ఉద్యోగం దొరికేదాకా అమ్మాయికి అద్దె కట్టాల్సి రావచ్చు, ఉన్నట్టుండి ఇంటికి రావాల్సి రావచ్చు. ఆ డబ్బు అందుకు.

అమ్మాయి వీసాతోపాటు హెల్త్ సర్‌చార్జి కడుతుంది కాబట్టి ఆమెకు అక్కడి ప్రభుత్వ వైద్యం అందుతుంది. విజిటర్ వీసా మీద వెళ్లే మీకు ఆ సౌకర్యం లేదు, ఆస్పత్రిలో చేరాల్సి వస్తే బిల్లు మీదే. పాత జబ్బులకూ వర్తించే ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి. ఫారంలో షుగర్ సంగతి దాచకుండా రాయండి. ప్రీమియం కాస్త పెరిగినా ఫర్వాలేదు.