నాన్నగారి పాత హెచ్‌ఎంటీ ట్రాక్టరు మెకానిక్ షెడ్డులో ఆగిపోయింది... ఏమి చేయాలి?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. మా నాన్న 1974లో కొన్న హెచ్‌ఎంటీ 2511 ట్రాక్టరు చాలా ఏళ్లుగా పశువుల కొట్టం పక్కన పడి ఉంది. నాన్న 2012లో వీలునామా రాయకుండా చనిపోయారు. బత్తాయి తోటలో చెట్ల మధ్య పెద్ద ట్రాక్టర్లు తిరగవు. అందుకని దీన్ని మళ్లీ నడిచేలా చేయించాలని నిరుడు ఒక మెకానిక్‌కు అప్పగించాను. నోటిమాట మీద 90 వేలకు ఒప్పందం. అందులో 60 వేలు ఫోను ద్వారా పంపాను. ఇప్పుడు మొత్తం లక్షా 70 వేలు అయిందని, షెడ్డు అద్దె రోజుకు 200 అదనమని అంటున్నాడు. నెలలోగా కట్టకపోతే తుక్కు కింద అమ్మేస్తానని, అసలు ఆర్‌సీ నీ పేరు మీద లేదు కాబట్టి నీకు ఇవ్వనవసరం లేదని బెదిరిస్తున్నాడు. మా అక్క తన వాటా సంగతి అడుగుతోంది. అమ్మ మా దగ్గరే ఉంది. పాత ట్రాక్టర్లను ప్రభుత్వం తుక్కు చేయిస్తుందనే మాట నిజమేనా? వింటేజ్ నంబరు తీసుకుంటే ఈ గొడవలన్నీ పోతాయా?

జవాబు: మీ ఉత్తరంలో నాలుగు చిక్కులు ఉన్నాయి. అన్నిటికంటే తొందరగా తేల్చుకోవలసింది షెడ్డులో ఉన్న బండి సంగతి. హెచ్‌ఎంటీ సంస్థ 1971లో చెక్ కంపెనీ జెటార్ పరిజ్ఞానంతో హర్యానాలోని పింజోర్‌లో ట్రాక్టర్ల తయారీ మొదలుపెట్టింది. ఆ విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. కంపెనీ నుంచి కొత్త విడిభాగాలు రాని బండి కాబట్టి, దాని అసలు భాగాలు ఒక్కొక్కటిగా షెడ్డు దాటిపోతే డబ్బుతో పూడ్చుకోలేని నష్టం. ఇప్పుడు మీరు కాపాడుకోవలసింది వాటిని.

మెకానిక్‌కు చట్టం ఒక హక్కు ఇచ్చిన మాట నిజం. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 170వ సెక్షన్ ప్రకారం, తన శ్రమనూ నైపుణ్యాన్నీ వెచ్చించి ఒక వస్తువుకు పని చేసినవాడు, తన కూలి చేతికి వచ్చేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకోవచ్చు. ఆ సెక్షన్ కిందనే రెండు ఉదాహరణలు ఉన్నాయి. వజ్రాన్ని సానపట్టిన కంసాలి, డబ్బు ఇచ్చేదాకా దాన్ని ఆపుకోవచ్చు. కోటు కుట్టి, డబ్బుకు మూడు నెలల గడువు ఇస్తానని ముందే ఒప్పుకున్న దర్జీ మాత్రం ఆపుకోవడానికి వీల్లేదు. అంటే ఒప్పందం ఏమిటన్నదే ఇక్కడ కీలకం.

అయితే ఆ హక్కు వస్తువును ఉంచుకోవడం వరకే. అమ్మే అధికారం అందులో లేదు. అతను అమ్మినా కొన్నవాడికి యాజమాన్యం రాదు. తనది కానిదాన్ని అమ్మిన వ్యక్తి తన దగ్గర లేని హక్కును ఇంకొకరికి ఇవ్వలేడని వస్తు విక్రయ చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. పైగా అప్పగించిన వస్తువును అమ్ముకుంటే నమ్మకద్రోహం నేరం కింద, భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ ప్రకారం కేసు పెట్టవచ్చు. ఇక షెడ్డు అద్దె. తన బాకీ కోసం తానే ఆపుకున్న బండికి అద్దె కూడా ఇమ్మనడం, ముందే అలా ఒప్పుకొని ఉంటే తప్ప, నిలబడే వాదన కాదు. ఆర్‌సీ మీ పేరు మీద లేదన్న మాట కూడా అంతే. బండిని అతను మీ చేతుల మీదుగా తీసుకున్నాడు, తిరిగి మీకే ఇవ్వాలి. అసలు యజమాని వేరే ఉన్నా, అప్పగించినవారికే మంచి ఉద్దేశంతో తిరిగి ఇచ్చేసిన వ్యక్తికి ఏ బాధ్యతా ఉండదని కాంట్రాక్టు చట్టంలోని 166వ సెక్షన్ అతనికి అభయం ఇస్తోంది.

ఇప్పుడు డబ్బు లెక్క. నోటిమాట ఒప్పందం చెల్లుతుంది. మీరు అడగని పని చేసి అడ్డగోలుగా బిల్లు వేస్తే కట్టనవసరం లేదు. కానీ పని మధ్యలో ఫోను చేసి "క్రాంకు అరిగిపోయింది, మార్చమంటారా?" అని అతను అడిగితే, మీరు సరే అని ఉంటే, ఆ ఖర్చు మీదే. ఉచితంగా చేయాలనే ఉద్దేశం లేకుండా చేసిన పని వల్ల మీరు లాభం పొందితే తగిన ప్రతిఫలం ఇవ్వాలని కాంట్రాక్టు చట్టంలోని 70వ సెక్షన్ అంటోంది. కాబట్టి ఫోనులోని వాట్సాప్ సందేశాలు, డబ్బు పంపిన రశీదులు, ఫోటోలు ఏవీ చెరిపేయకండి. కోర్టులో వాటిని దాఖలు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఒక ధ్రువపత్రం జతచేయాలి. అది మీ వకీలు చూసుకుంటారు.

నా సలహా ఇది. ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకొని షెడ్డుకు వెళ్లండి. బండికి నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఛాసిస్ మీద పొడిచిన నంబరు మీద పలుచని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకోండి. ఇంజన్ బ్లాకు మీద ఉన్న నంబరుకూ అలాగే చేయండి. పాత డీజిల్ పంపు, డైనమో, మీటరు బోర్డు, బానెట్ మీది హెచ్‌ఎంటీ బిళ్ల ఉన్నాయో లేవో చూసి రాసుకోండి. ఏయే విడిభాగం ఎక్కడ కొన్నాడో బిల్లులతో సహా లెక్క అడగండి. మార్చిన పాత భాగాలు మీ సొత్తు, అవీ తిరిగి ఇవ్వాలి.

తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఒప్పుకున్న దాంట్లో మిగిలిన 30 వేలతోపాటు, బిల్లు చూపిస్తే న్యాయమైన అదనపు ఖర్చు కూడా ఇవ్వడానికి సిద్ధమని, బండిని అమ్మినా విప్పినా బాధ్యుడవుతావని అందులో స్పష్టంగా ఉండాలి. నిజంగా రావలసిన మొత్తం ఇవ్వజూపిన తర్వాత కూడా ఆపుకుంటే, ఆ పట్టుకు చట్టం అండ ఉండదు. లెక్క తేలాక తేడా పదో పదిహేను వేలో అయితే, రశీదు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాయించి, కట్టి, బండిని ఇంటికి తెచ్చుకోండి. ఆ తేడా కోసం తర్వాత పోరాడవచ్చు. షెడ్డులో అలాగే పడి ఉన్న ఇంజన్ అంతకాలం ఆగదు.

అతను దేనికీ రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకునే వెసులుబాటు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. మీరే సాగుచేసుకునే తోట కోసం చేయించుకున్న పని కాబట్టి వ్యాపార ప్రయోజనం అనే అభ్యంతరం నిలవదు. గొడవ మొదలైన రెండేళ్లలోగా వేయాలి. కేసు తేలేదాకా బండిని అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు ఇమ్మని 38వ సెక్షన్ కింద అడగండి. దానికంటే ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే కేసు వేయకుండానే లోక్ అదాలత్‌కు పిలిపిస్తారు. ఇలాంటి తగాదాలు అక్కడ తొందరగా తెగుతాయి. పోలీస్ స్టేషన్ మెట్లు ఇప్పుడే ఎక్కవద్దు. అతను నిజంగా అమ్మడానికి దిగితే అప్పుడు వెళ్లండి.

ఇక మీ అక్క విషయం. ఈ మాట మీకు రుచించకపోయినా చెప్పక తప్పదు. ఆ ట్రాక్టరు మీ ఒక్కరిది కాదు. మీ నాన్నగారు సొంతంగా కొన్న ఆస్తి, వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, అక్కకు, మీకు మూడు సమాన వాటాలు. నాయనమ్మ 2012 నాటికి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా ఉంటుంది. ఆడపిల్లకు హక్కు 2005 సవరణతోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది ఉమ్మడి కుటుంబ ఆస్తి మాట. తండ్రి స్వార్జితంలో కూతురికి సమాన వాటా 1956 నుంచే ఉంది. కాబట్టి అక్క అడిగింది దయతో ఇచ్చేది కాదు, ఆమెకు చెందినదే. మీరు పెట్టిన ఖర్చు లెక్కగట్టి, ఖర్చుకు ముందున్న విలువలో ఆమె వాటా డబ్బుగా ఇచ్చి, ట్రాక్టరు మీకు వదిలేస్తున్నట్లు కాగితం రాయించుకోండి. చరాస్తి కాబట్టి ఆ కాగితానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆమె, అమ్మ, సాక్షులు సంతకాలు పెడితే చాలు.

ఆ కాగితంతోనే ఆర్‌సీ పని మొదలవుతుంది. యజమాని చనిపోయిన మూడు నెలల్లోగా వారసుడు ఫారం 31తో బదిలీ కోరాలని కేంద్ర మోటారు వాహన నియమాలు చెబుతున్నాయి. మీకు గడువు ఎప్పుడో దాటింది, ఆలస్యానికి కొంత రుసుము కట్టాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం జతచేయండి. ఎవరైనా కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మంటే తొందరపడి కోర్టుకు వెళ్లకండి. ఆ సర్టిఫికెట్ బాకీలకూ, షేర్లు, బాండ్ల వంటి సెక్యూరిటీలకూ సంబంధించినది, ట్రాక్టరుకు అది వర్తించదు. పాత ఆర్‌సీ పుస్తకంలో బ్యాంకు తాకట్టు నమోదై ఉందేమో కూడా చూడండి. అప్పు ఎన్నడో తీరినా ఆ నమోదు అలాగే మిగిలిపోయిన పుస్తకాలు ఊళ్లలో కోకొల్లలు. బ్యాంకు నుంచి ఫారం 35 తెస్తేగాని బదిలీ జరగదు.

తుక్కు భయం మీకు అవసరం లేదు. వ్యవసాయ ట్రాక్టరును నియమాలు రవాణాయేతర వాహనంగానే చూస్తాయి. మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత బండి తగిన స్థితిలో ఉంటే ఐదేసి ఏళ్లకు పునరుద్ధరణ. పదేళ్లు దాటిన ట్రాక్టర్లను తప్పనిసరిగా తుక్కు చేయాలన్న ప్రచారం తప్పని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2023లో వివరణ ఇచ్చింది. 1989లో గడువు తీరిన మీ ఆర్‌సీకి ఫారం 25తో దరఖాస్తు పెట్టి, బండిని తనిఖీకి చూపించాలి. బ్రేకులు, దీపాలు, హారను అన్నీ పనిచేయాలి.

ఇక్కడే బాగుచేయించే పనికీ చట్టానికీ ముడి పడుతుంది. రంగు వేసేవాళ్లు తుప్పు గీకి, పుట్టీ పెట్టి, నున్నగా తోమేటప్పుడు ఛాసిస్ నంబరు పొడుపులు అరిగిపోవడం లేదా పూడిపోవడం తరచూ జరుగుతుంది. ఆర్‌సీలోని నంబరు బండి మీద కనబడకపోతే తనిఖీ అధికారి ముందుకు కదలడు. ఇంజన్ బ్లాకు పగిలి వేరేది వేయవలసి వస్తే నంబరే మారిపోతుంది. దానికి రవాణా అధికారి అనుమతి ముందుగా తీసుకోవాలి. అనుమతి లేని మార్పుకు మోటారు వాహన చట్టంలోని 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా ఉండవచ్చు. పాత ఇనుము దుకాణంలో బిల్లు లేకుండా బ్లాకు కొనవద్దు. అది దొంగిలించిన బండిది అయితే చిక్కు మీ మెడకు చుట్టుకుంటుంది.

వింటేజ్ నంబరు మీకు పనికిరాదు. 2021లో వచ్చిన ఆ నియమాలు 50 ఏళ్లు దాటిన, అసలు రూపంలోనే ఉన్న సొంత వాడకపు ద్విచక్ర వాహనాలకు, కార్లకు మాత్రమే; ట్రాక్టరు వాటి కిందికి రాదు. నమోదుకు 20 వేలు. ఆ నంబరు ఉన్న బండి ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. మీకు తోటలో దుక్కి దున్నే బండి కావాలి.

రిజిస్ట్రేషన్ బండిని ఎక్కడ నడిపినా ఉండాలి. మీ తోట గట్ల లోపల తిరిగినంతసేపు బీమా ప్రశ్న మాత్రం రాదు. తోట దాటి బండ్లబాట మీదకు వచ్చిందంటే అది నలుగురూ నడిచే చోటు, చట్టం దృష్టిలో బహిరంగ స్థలమే. అక్కడినుంచి చెల్లుబాటయ్యే ఆర్‌సీతోపాటు థర్డ్ పార్టీ బీమా కూడా ఉండాలి. ట్రైలరు కడితే దానికి వేరే నంబరు, వేరే బీమా. ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఆర్‌సీలో పేరున్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ నాన్నగారి పేరు అలాగే ఉంచి నడిపితే ఆ భారం ఇంటిల్లిపాది మీద, అంటే అక్క వాటా మీద కూడా పడే ప్రమాదం ఉంది. ఇంకొక హెచ్చరిక. ట్రైలరులో మనుషులను ఎక్కించవద్దు. కూరగాయలు అమ్ముకునే వ్యక్తి సరుకుతో సహా ట్రాక్టరు ట్రైలరులో మార్కెట్‌కు వెళ్తూ చనిపోయిన కేసులో, అది వ్యవసాయ పనికింద రాదని, బీమా కంపెనీ కట్టనవసరం లేదని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ బత్తాయిలను మీరు తీసుకెళ్లండి. కోతకు వచ్చిన కూలీలను వేరే బండిలో పంపండి.